విప్పి మళ్ళీ కట్టే ఆట

పిల్లల ఆటవస్తువుల ఖర్చు మీద మన ఇళ్ళల్లో చర్చ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. "నాలుగు ప్లాస్టిక్ ముక్కలకి ఇంత ధరా?" ఒక్క సాయంత్రం వేసి బీరువాలో పెట్టేసే పట్టుపరికిణీ దగ్గర, పుట్టినరోజుకి అద్దెకి తీసుకునే హాలు దగ్గర ఎవరూ ఇంత గట్టిగా అడగరు. బిల్డింగ్ బ్లాకుల దగ్గరే అడుగుతారు. అందులోనూ అడుగుతున్నది ఆడపిల్లయితే ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. ఈ వస్తువులకి నిజంగా ఎంత ఖరీదవుతుంది, ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తారు, మిగిలేది ఏమిటి అనే లెక్క చాలాకాలంగా నా మనసులో తిరుగుతోంది.

ముందు మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. ఈ వస్తువులకి వాడుక తెలుగులో పేరు లేదు. బొమ్మ అంటే మనకి ఒక రూపం. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక బొమ్మ, పెళ్ళికూతురి బొమ్మ. అన్నీ పూర్తయి మన చేతికి వస్తాయి. బ్లాకుల పెట్టెలో ఏ రూపమూ ఉండదు. కట్టాలి, విప్పాలి, మళ్ళీ కట్టాలి. పేరు లేదు కాబట్టి మనకి ఆ ఆటే తెలియదనుకుంటే పొరపాటు. తడి ఇసకలో పాదం పెట్టి, చుట్టూ మెత్తి, మెల్లగా కాలు లాగి పిచ్చుక గూళ్ళు కట్టని ఆడపిల్ల మా ఊళ్ళో లేదు. పుల్లలతో, పెంకులతో బొమ్మరిళ్ళు కట్టాం. పైసా ఖర్చు లేదు. ఎవరో ఒకరు తొక్కేసేవాళ్ళు, మర్నాడు మళ్ళీ కట్టేవాళ్ళం. అంటే కట్టడం ఆడపిల్లలకి కొత్త కాదు. కట్టడానికి డబ్బులు పెట్టి కొన్న సామాను ఇవ్వడమే కొత్త.

మా ఇంట్లో అలాంటి సామాను మొదటిసారి వచ్చింది 1978లో, మా అన్నయ్యకి. మెకానో సెట్టు. చిల్లులున్న రేకు పట్టీలు, చిన్న చిన్న నట్లు, బోల్టులు, చక్రాలు, ఒక బుల్లి స్పానరు. దాని ధర మా ఇంటి నెల పాలఖాతాతో సమానమని అమ్మ చాలాకాలం చెప్పేది. అదే ఏడాది నాకు లక్కపిడతలు కొన్నారు. అవి అందంగా ఉండేవి, వాటి మీద నాకు ఇప్పటికీ ప్రేమే. కానీ పొయ్యి పొయ్యిగానే ఉండేది, గిన్నె గిన్నెగానే ఉండేది. వాటితో చేయగలిగింది వంటే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినప్పుడు ట్రంకుపెట్టెలోంచి అమ్మమ్మ నాటి బొమ్మలు బయటికొచ్చేవి. అవి అన్నేళ్ళు నిలిచాయంటే కారణం వాటిని ఎవరూ ముట్టుకోనివ్వకపోవడమే. "పట్టుకోకే, పగులుతుంది" అన్న మాట ఆ మూడు రోజులూ ఇంట్లో మోగేది. అన్నయ్యకి మాత్రం సెట్టు ఊడదీసినందుకు మెచ్చుకోలు దొరికేది. అన్నయ్య ఇంజనీరు కావడానికీ నేను లెక్చరరు కావడానికీ ఆ రేకుముక్కలే కారణమని నేననను. బతుకులు అంత తేలిగ్గా తేలవు. కానీ ఒకరికి వస్తువుని విప్పే అనుమతి, ఇంకొకరికి దాన్ని పగలకుండా కాపాడే బాధ్యత అంత చిన్న వయసులోనే పంచిపెట్టారన్నది మాత్రం నిజం.

ఈ పంపకం మా ఇంట్లో పుట్టింది కాదు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రేకుముక్కలతో చేసిన ఆటసామానుకి 1901లో పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. అమెరికాలో 1913లో వచ్చిన ఎరెక్టర్ సెట్టు ప్రకటనలు నేరుగా మగపిల్లల్నే పలకరించేవి. తండ్రి కొడుక్కి ఇచ్చే ఇంజనీరింగు వారసత్వంగా ఈ వస్తువులు బజారుకెక్కాయి.

అయితే దీనికి సమాంతరంగా ఇంకో చరిత్ర ఉంది, అది ఆడవాళ్ళ చేతుల మీదుగా నడిచింది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1830లలో చెక్క ఘనాలతో, పలకలతో పిల్లల కోసం 'గిఫ్టులు' తయారుచేశాడు. 1840లో ఆయన బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లని నిషేధించింది. ఆ చెక్కముక్కల్ని దేశాలు దాటించి బతికించింది ఎక్కువగా స్త్రీలే. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్‌ని 1856లో విస్కాన్సిన్‌లో మార్గరెత్ షుర్జ్ తన ఇంట్లో మొదలుపెట్టింది. ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన చిన్నప్పటి ఫ్రోబెల్ చెక్కముక్కల్ని జీవితాంతం తలుచుకున్నాడు. వాటిని 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూసి తెచ్చింది ఆయన తల్లి అన్నా. భవనాల మీద పేరు కొడుకుది.

నాకు ఇంకా ఇష్టమైన మనిషి కారొలిన్ ప్రాట్. చెక్కపని నేర్పే టీచరు. 1914లో న్యూయార్క్‌లో ఆరుగురు పిల్లలతో బడి మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచంలో ఏ నర్సరీ బడికి వెళ్ళినా కనిపించే యూనిట్ బ్లాకులు ఆమె రూపొందించినవే. మందం ఒక వంతు, వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దది. రంగు లేదు, పూత లేదు, బొమ్మ లేదు. వాటికి ఆమె పేటెంటు తీసుకోలేదు. అందువల్ల ఎవరైనా చేసుకోగలిగారు, ఆమె పేరు మాత్రం పెట్టెల మీద లేకుండా పోయింది. మన శ్రమ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఇక నేటి ఖరీదు సంగతి. డెన్మార్క్ కంపెనీ లెగో తన ఇటుకకి 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టింది. ఆనాటి ఇటుక ఇవాళ్టి ఇటుకకి అతుక్కుంటుంది. దాని ధరలో పెద్ద భాగం ఈ నమ్మకానిదే. ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చని లెక్క కట్టారు. ఆరు ముక్కలకే అన్ని దారులు. మన దేశంలో దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. మధ్యతరగతి ఇళ్ళల్లోకి ఇవి చాలావరకు అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో వచ్చాయి. మా అమ్మాయికి కూడా అలాగే, తొంభైల చివర మా మరిది తెచ్చిన ఒక పెట్టె.

పెట్టె ధర ఒక్కసారే. తర్వాతి ఖర్చు రోజూ ఉంటుంది, అది బిల్లులో కనిపించదు. అన్నం వండుతూ వంటింట్లోంచి హాల్లోకి వస్తే కాలికింద గుచ్చుకునే ముక్క, సోఫా సందుల్లోంచి తీసిన ముక్కలు, ఊడుస్తుంటే చేటలో తేలిన ముక్కలు. వాటిని ఏరడం, బకెట్లో సర్ఫు నీళ్ళలో నానబెట్టి కడగడం, ఎండలో పాతచీర మీద ఆరబెట్టడం, రంగుల వారీగా డబ్బాల్లో పొయ్యడం. అమ్మ కూడా అన్నయ్య బోల్టుల్ని అలాగే హార్లిక్స్ సీసాలో దాచింది. ఇవాళ మా ఇంట్లో ఆ ఇటుకలు పాతికేళ్ళు దాటినా గట్టిగా ఉన్నాయి. ప్లాస్టిక్ నాణ్యత ఒక కారణం. ఏరినవాళ్ళ నడుములు ఇంకో కారణం. నాణ్యమైన వస్తువు తరతరాలు నిలుస్తుందని చెప్పేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఆ డబ్బా మా అమ్మాయి చేతుల్లోంచి చాలామంది పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ సెలవుల్లో తన ఏడేళ్ళ కూతుర్ని వెంట తెచ్చేది. మనం పాతవి ఇచ్చే పద్ధతి మనకి తెలిసిందే. మన పిల్లలు వాడి విసిగినవి, చిరిగినవి, చెయ్యి విరిగినవి వాళ్ళ పిల్లలకి చేరతాయి. ఇటుకల్లో ఆ అవమానం తక్కువ. కొన్ని ముక్కలు పోయినా మిగిలినవి కొత్తవాటిలాగే పనిచేస్తాయి. ఆ పిల్ల రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఇల్లు కట్టింది. డబ్బాలో తలుపు ముక్క ఒక్కటే మిగిలి ఉంది. ఆ పిల్ల దాన్ని వీధి గుమ్మానికి పెట్టలేదు, బాత్రూముకి పెట్టింది. నాలుగు కుటుంబాలకి ఒకే బాత్రూము ఉన్న వాటాలో వాళ్ళు ఉండేవాళ్ళు. ఇల్లంటే ఏది ముఖ్యమో ఆ పిల్లకి తెలిసినంత స్పష్టంగా నాకు తెలిసిన బిల్డర్లెవరికీ తెలియదు.

ఆడపిల్లలూ కొనేవాళ్ళేనని కంపెనీలకి తెలియకపోలేదు. లెగో 2012లో 'ఫ్రెండ్స్' పేరుతో ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా సెట్లు తెచ్చింది. బ్యూటీపార్లరు, కఫే, లేత రంగులు. చాలామంది స్త్రీలు అభ్యంతరం చెప్పారు. 2014లో ఎలెన్ కూయ్‌మన్ అనే భూశాస్త్రవేత్త ఆలోచనతో ముగ్గురు స్త్రీ శాస్త్రవేత్తలున్న సెట్టు వచ్చి త్వరగా అమ్ముడైపోయింది. 2021లో ఆ కంపెనీయే ఏడు దేశాల్లో దాదాపు 7,000 మంది తల్లిదండ్రుల్ని, పిల్లల్ని కలిసి చేయించిన సర్వేలో, అమ్మాయిల ఆటవస్తువులతో ఆడితే వెక్కిరిస్తారేమోనని మగపిల్లల్లో 71 శాతం భయపడ్డారు. అబ్బాయిల ఆటవస్తువుల విషయంలో అలా భయపడిన ఆడపిల్లలు 42 శాతం. ఆ ఏడు దేశాల్లో మనది లేదు. అడిగితే ఏం చెప్పేవాళ్ళమో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ గమనించాల్సింది, గులాబిరంగు ఇటుక కూడా నీలంరంగు ఇటుకకి అతుక్కుంటుంది. విడదీసింది పెట్టె మీది బొమ్మ.

విలువ నిలబడటం గురించి మార్కెట్టుకి తన లెక్క తనకుంది. మాస్కో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా తయారీ ఆగిపోయిన లెగో సెట్ల ధరల్ని పరిశీలించి, ఏడాదికి సగటున 10-11 శాతం రాబడి ఉందని తేల్చారు. కానీ ఆ లెక్క సీలు విప్పని పెట్టెలది. ఏ పిల్లా ముట్టుకోని ఆటవస్తువే బజార్లో అన్నిటికన్నా విలువైనది! సముద్రం లెక్క ఇంకోటి. 1997 ఫిబ్రవరిలో ఇంగ్లండు దగ్గర ఒక ఓడలోంచి కంటైనర్లు పడిపోయి దాదాపు 50 లక్షల లెగో ముక్కలు నీళ్ళలో కలిశాయి. ఇప్పటికీ అవి కార్న్‌వాల్ తీరానికి కొట్టుకొస్తున్నాయి. అలాంటి ఇటుక సముద్రంలో 100 నుంచి 1,300 ఏళ్ళు ఉండగలదని ప్లిమత్ యూనివర్సిటీ 2020లో అంచనా వేసింది. కాబట్టి ఎన్నేళ్ళు ఉంటుందన్నదొక్కటే గొప్ప కాదు. ఎందరి చేతుల్లో ఉంటుందన్నది చూడాలి.

ఖరీదు లేకుండా కూడా కట్టవచ్చని అరవింద్ గుప్తా చూపించారు. 1978లో హోషంగాబాద్ సైన్సు కార్యక్రమంలో పనిచేస్తూ ఆయన సైకిలు వాల్వు ట్యూబు ముక్కలకి అగ్గిపుల్లలు గుచ్చి త్రిభుజాలు, ఘనాలు, ఇళ్ళు కట్టే పద్ధతి తయారుచేశారు. మెకానో చేసే పని చాలావరకు రూపాయల్లో జరిగిపోయింది. నేను కాలేజీలో ఎన్నెస్సెస్ పిల్లలతో చేయించాను. అద్భుతంగా ఉంటుంది. అయితే ట్యూబు కత్తిరించాలి, పుల్లలు సమానంగా గీరాలి, పక్కన కూర్చోవాలి. డబ్బు తగ్గినచోట సమయం పెడతాం. ఆ సమయం ఎవరిదని అడిగితే ఇంట్లో అమ్మది, బడిలో టీచరమ్మది. చవక ఆటవస్తువుల్ని మెచ్చుకునేటప్పుడు ఆ గంటల్ని కూడా కలిపి చెప్పాలి.

1975లో మొదలైన ఐసీడీఎస్ కింద నడిచే అంగన్‌వాడీల్లో పూర్వప్రాథమిక విద్య కోసం ఆటసామగ్రి ఇస్తారు, బ్లాకులతో సహా. నేను వెళ్ళిన ఒక కేంద్రంలో ఆ పెట్టె బీరువా పైన కవరు విప్పకుండా ఉంది. "పిల్లలకిస్తే ముక్కలు పోతాయమ్మా, తనిఖీకి వచ్చినప్పుడు లెక్క నేనే చెప్పుకోవాలి" అంది అక్కడి టీచరు. ఆమెని తప్పుపట్టలేకపోయాను. అది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. దాన్ని పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఈ స్త్రీలు 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. పోయిన ముక్క ఖరీదు తన మీద పడుతుందని భయపడే మనిషి పెట్టె ఎలా విప్పుతుంది?

మదుపుదారు పెట్టె విప్పడు లాభం కోసం. టీచరు విప్పదు భయం కోసం. కొలువు బొమ్మల్ని ముట్టుకోనివ్వం పగులుతాయని. ఎందుకైతేనేం, పిల్లలకి అందనిది అందకుండానే పోతుంది. ఆటసామాను పోతుంది, అరుగుతుంది, ముక్కలు తగ్గుతాయి. ఆ తరుగుని బడ్జెట్టులోనే రాసి, టీచరు మెడమీంచి తీసెయ్యాలి. గ్రంథాలయాల్లో పుస్తకాల పక్కన బ్లాకుల పెట్టెలు పెట్టి, పుస్తకంలాగే ఇంటికి ఇవ్వాలి. ఇళ్ళల్లో ఏరే పని ఆడినవాళ్ళదే కావాలి, మగపిల్లలతో సహా. పట్టుపరికిణీ కొనే చేత్తోనే ఆడపిల్లకి ఒక పెట్టె కొని, పగలగొడుతుందేమో అని చూడకుండా, విప్పమని చెప్పాలి. ఆ పిల్ల ఎన్నిసార్లు విప్పి కట్టిందో అన్నిసార్లు దాని ఖరీదు తీరినట్టు.