నేను రాసిన అన్యాయమైన సమీక్ష

జ్ఞాపకాన్ని వదులుకుంటే తప్ప మంత్రం పనిచేయని లోకం. దీపం వెలిగించాలంటే ఒక పాట మరిచిపోవాలి. చావబోతున్న కొడుకును బతికించుకోవాలంటే అతను తన కొడుకన్న సంగతే తల్లి మరిచిపోవాలి. కొన్నేళ్ల కిందట ఒక ఇంగ్లిష్ ఫాంటసీ నవల వెనక అట్ట మీద ఈ ఊహ చూసి అక్కడికక్కడే కొనేశాను. చదవడం మొదలుపెట్టకముందే ఆ తల్లి కథ నా మనసులో సగం తయారైపోయింది.

తీరా చదివితే తల్లి ప్రస్తావన రెండు మూడు పేజీల్లో ముగిసింది. మిగతాదంతా ఒక యువకుడి ప్రేమ, యుద్ధాలు. అతను పోరాటంలో మంత్రం మీద మంత్రం వేస్తాడు. ఏం మరిచిపోయాడో రచయిత చెప్పడు. చివరికి పోయిన జ్ఞాపకాలన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి.

ఆ కోపంలో ఒక చిన్న పత్రికకు సమీక్ష రాశాను. తల్లి కథ లేదని, ప్రేమ ఎక్కువైందని పేజీన్నర నింపాను. ఫాంటసీలో అద్భుతాలే తప్ప లోతుండదని తీర్పు కూడా చెప్పాను. ఆ తర్వాత చాలాకాలం ఆ తరహా పుస్తకాల జోలికే పోలేదు.

నా తప్పు ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదివాక తెలిసింది. గెడ్ అనే కుర్రవాడు గర్వంతో, తోటివాడి మీద పంతంతో చేయకూడని మంత్రం వేస్తాడు. ఒక నీడ లోకంలోకి వచ్చిపడుతుంది. దాన్ని అడ్డుకోవడానికి అతను చదివే మంత్రవిద్యాలయంలోని వృద్ధ గురువు ప్రాణం ధారపోస్తాడు. గెడ్ ముఖం మీద మచ్చలు మిగిలిపోతాయి. మిగతా నవలంతా ఆ ఒక్క తప్పుకు జవాబు చెప్పుకోవడమే. అద్భుతం ఎంత పెద్దదన్నది కాదు, దానికి కట్టే మూల్యాన్ని రచయిత ఎంత నిజాయితీగా వసూలు చేశాడన్నదే లోతు అని అప్పుడు అర్థమైంది.

నిజానికి చూపిన అద్భుతానికి ఇలా లెక్క చెప్పడం మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో కాశీకి నడిచి వెళ్లే దారిలో, మజిలీ దగ్గర, మణిసిద్ధుడనే యాత్రికుడికి తోడుగా వచ్చిన గోపబాలుడికి ఏదో వింత కనబడుతుంది. దాని సంగతేమిటని అడిగితే మణిసిద్ధుడు కథ చెబుతాడు. కథ ఎన్ని మలుపులు తిరిగినా ఆ వింతకు సమాధానం దొరకాలి. వింత చూపించి సమాధానం ఎగ్గొడితే ఆ పిల్లవాడు మర్నాడు నడవడు.

నేను సమీక్షించిన నవల అసలు లోపం అదే. తాను పెట్టిన నియమాన్ని తానే తప్పింది. నా సమీక్షలో ఆ మాట ఒక్క వాక్యంలో పోయింది. తల్లి కథ రాస్తానని ఆ రచయిత నాకు మాటివ్వలేదు. అది నేను అల్లుకున్నది. ఆయన తప్పిన మాటను వదిలేసి, ఇవ్వని మాటకు నిలదీశాను. ఒక పుస్తకం మీది అలకతో ఒక సాహిత్యశాఖనే దూరం చేసుకున్నాను.

అందుకే ఇప్పుడు నిరాశపరచిన ప్రతి పుస్తకం గురించీ రాసేముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: విరిగింది పుస్తకం ఇచ్చిన మాటా, నా ఆశా? మీరూ వేసుకోండి. మొదటిదైతే నిర్మొహమాటంగా రాయండి. రెండోదైతే ఆ కథ మీరే రాయండి.