సీసామీది పేరు

మేము స్కాచి విస్కీని మెచ్చుచు వ్రాయుట చూచి చదువరులలో కొందఱు నొసలు చిట్లింతురు. 1992లో దూబగుంట స్త్రీలు సారాయంగడిపై తిరుగబడిన దేశమున నది న్యాయమే. అయినను నెలకొక పర్యాయము ఔన్సెడు విస్కీలో నాలుగు చుక్కలు నీరు కలిపి మెల్లగా పుచ్చుకొనుట మాకు ప్రీతి. ఇంటివారెఱిగిన పనియే కనుక వ్రాయుటకు వెనుదీయము.

రుచికంటె ముందు మమ్ము పట్టుకొన్నవి ఆ పేరులు. బ్రుయిచ్‌లడ్డిచ్ అని వ్రాసి బ్రుక్‌లాడీ యందురు. ఇస్లే యని వ్రాసిన ద్వీపము ఐలా. ఆంగ్లము నేర్చినవారికే యివి మఱింత కష్టము; ఏలయన నివి చాలవఱకు గేలిక్కు భాషలోనివి. ఆ భాషలో బకారము ప్రక్కన హకారము వ్రాసిన వకారమగును. బున్నహభైన్ అను వ్రాత బూనహావెన్ అను పలుకగుట యిందువలననే. సంధిసూత్రములు వల్లించినవారికి ఇందులో వింత తోపదు.

గ్లెన్‌ఫిడిఖ్ అను పేరు చివరి ధ్వని చకారము కాదు, కకారమును కాదు. మా పాఠశాలలో ఉర్దూ చెప్పు మిత్రుడు జన్మలో మద్యము ముట్టనివాడు. మేము ఆ ధ్వనిని వర్ణింపగా, “అది మా ఖే యే కద, పంతులుసాబ్” అని తొలిమాటకే చక్కగా పలికెను. సంస్కృతమున కకారమునకు ముందు విసర్గము జిహ్వామూలీయమగునని చదివితిమి. ఇదియు దానికి చుట్టమే. పేరునకర్థము లేళ్ల లోయ. విస్కీ యను మాటయే ‘ఊష్గె బెహా’, అనగా జీవజలము, అను గేలిక్కు పదములనుండి వచ్చినది. అందు మొదటిది మన ‘ఉదక’మునకును, రెండవది ‘జీవ’ శబ్దమునకును దూరపు జ్ఞాతులు. స్కాట్లండు రాజుగారి లెక్కలలో, 1494లో, జాన్ కార్ అను సన్న్యాసికి జీవజలము చేయుటకై ఎనిమిది బోలుల మాల్టు, అనగా మొలకెత్తించి యెండబెట్టిన యవలు, ఇచ్చినట్లున్నది.

మా సంగారెడ్డి చుట్టుప్రక్కల బీరు చేయు కర్మాగారములకు కొదువలేదు. బీరు పేరు పలుక నేర్పుమని మాత్రము ఎవ్వరు నడుగరు. స్కాచి సంగతి వేఱు. పటాన్‌చెరు వైపు మందుల కర్మాగారమొకదానిలో పనివాడుగా చేరి మేస్త్రీయైన మా పూర్వశిష్యుడు ఒక విందులో సీసామీది పేరు చదివి ‘ఫిడ్డిచ్చు’ అనగా పై యధికారులు నవ్విరట. వారు త్రాగినది లేళ్ల లోయయని వారిలో నెందఱెఱుగుదురో! వీని తండ్రి గుడుంబాకు బలియైనవాడు. వీడు చుక్క ముట్టడు.

“సారూ, నాకు తాగుడొద్దు, పలుకుడు నేర్పుండ్రి” అనెను.

ఇంట్లోనివారు విని, మీ సీసా యిన్నాళ్లకొక మంచిపనికి వచ్చినదనిరి. సీసాను అలమారులోనే యుంచి, పేరులు తెలుగులిపిలో వ్రాసి యిచ్చితిమి. తెలుగు నాలుకకు లగవూలిన్ ఒక్క పర్యాయమే చాలినది. ఖకారమునకు అరగంట పట్టినది. లఫ్రోయిగ్ వద్ద ఇంకను తడబడుచున్నాడు. రాత్రి షిఫ్టు లేని ఆదివారము మరల రమ్మంటిమి.