ఆటోనగర్‌లో మా పాత మారుతి

బెజవాడ అనగానే తమకు కనకదుర్గ గుడీ, బ్యారేజీ గుర్తుకొస్తాయేమో గాని, నాకు ఆటోనగరే. 1960 దశకంలో వెలసిన ఈ పేటలో ఇనపముక్కను పారెయ్యరు. ఎంత లారీనైనా విప్పదీసి మళ్ళీ కట్టేస్తారు.

నాన్నగారు 1985లో కొన్న మారుతి 800ను అక్కడికే తోలుకెళ్ళాను. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది.

'ఇంజను బోరు అరిగిపోయింది మాస్టారూ! ఆల్టోది ఎక్కిద్దాం,' అన్నాడు మేస్త్రీ.

రెండూ 796 సి.సి.లే, మూడేసి సిలిండర్లే; కార్బురేటరు పోయి కంప్యూటరు పెట్టె వస్తుంది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ ముందుగా ఒప్పుకోవాలి. ఆ కాగితం చేతికొచ్చాకే రెంచీ పట్టనిచ్చాను.

నా బెంగ అసలు ఇంజను మీద కాదు, వెనక కమాన్ల మీద. పట్టీలు చదునైపోయాయి. కిందటిసారి అమ్మను ఆసుపత్రికి తెస్తుంటే, తుంటినొప్పితో ప్రతి గుంటకూ మూలిగింది. కమాన్లూ, షాక్ అబ్జార్బర్లూ కొత్తవి వేయించాను.

యనమలకుదురు, తోట్లవల్లూరు మీదుగా కరకట్ట పట్టి అవనిగడ్డ చేరాను. గుంటలు అలాగే ఉన్నాయి గాని, నా నడుముకు తెలియలేదు. వాకిట్లో కారాపాను. పూర్వం మలుపులోనే చప్పుడు పోల్చుకుని గుమ్మంలోకొచ్చే అమ్మ అరుగు మీంచి లేవలేదు.

'ఎవరు బాబూ?' అంది.