బల్ల మీద చందుర్తి యుద్ధం

కాకినాడ నుంచి అన్నవరం సత్యదేవుడి దర్శనానికి వెళ్లేవాళ్లు పిఠాపురం దాటాక గొల్లప్రోలు మీదుగా వెళ్తుంటారు. ఆ మండలంలోనే ఉంది చెందుర్తి. చూడ్డానికి పొలాల మధ్య ఉన్న మామూలు పల్లె. కానీ కోస్తా జిల్లాలు ఫ్రెంచివాళ్లవా, ఇంగ్లీషువాళ్లవా అన్న పంచాయితీ 1758 డిసెంబరులో ఈ పొలాల్లోనే ఓ మలుపు తిరిగింది. చరిత్ర పుస్తకాల్లోని 'చందుర్తి యుద్ధం' ఇదే. ఆ మలుపునకు కారణం ఫిరంగులొక్కటే కాదు... ఓ చేను, ఓ చొక్కా రంగు!

అదెలాగో తెలియాలంటే ముందు ఓ ఆట గురించి చెప్పుకోవాలి.

బొమ్మలకొలువులాంటి రణరంగం

భోజనాల బల్లంత పలక. దానిమీద ధర్మాకోల్ కొండలు, స్పాంజి చెట్లు, కూలిన మేడలు, రంగురంగుల వింత గ్రహాల అడవులు. సంక్రాంతి బొమ్మలకొలువులో ఆవాలు మొలకెత్తించి పొలాలు, దూదితో కొండలు పెట్టినవాళ్లకు ఈ సరదా గురించి వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో నిలబెట్టే సైనికులు బొటనవేలంత ఉంటారు. చాలామంది వాటికి తామే ఓపిగ్గా రంగులేసుకుంటారు. టేపుతో కొలిచి బొమ్మల్ని జరపడం, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేల్చడం... ఇదీ ఆట. బ్రిటన్‌లో 1987లో వచ్చిన 'వార్‌హామర్ 40,000' వీటిలో బాగా పేరున్నది. వేల ఏళ్ల తర్వాత గ్రహాంతరవాసులతో జరిగే యుద్ధాలు దాని కథ. అంగారకుడి నుంచి దండెత్తి వచ్చినవాళ్ల కథ రాసిన హెచ్.జి. వెల్స్ కూడా బొమ్మ సైనికులతో ఆడుకునేవాడు. ఆ ఆటకు నియమాలు రాసి 1913లో 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకమే వేశాడు.

ఈ ఆటల్లో ఓ ముఖ్యమైన సూత్రం ఉంది. పైనుంచి చూసే మనకు అన్నీ కనిపిస్తాయి. కానీ బొమ్మకు కనిపించాలిగా! అందుకే ఆటగాళ్లు వంగి, బొమ్మ కంటి ఎత్తు నుంచి చూస్తారు. చెట్టు అడ్డమొస్తే శత్రువు లేనట్టే.

చేను దాచిన సైన్యం

ఇప్పుడు చందుర్తిని బల్లమీద పరుద్దాం. బొబ్బిలి యుద్ధం జరిగిన మరుసటి ఏడాది అది. విజయనగరం పాలకుడు ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో చెడింది. ఆయన సాయం అడిగితే బెంగాల్ నుంచి క్లైవ్, కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఫోర్డ్ దగ్గర యూరోపియన్లు ఐదువందల లోపు, సిపాయిలు రెండువేల లోపు. ఆనందరాజు బలగం అదనం. అటువైపు కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఐదువందల మంది యూరోపియన్లు, ఆరువేల మంది సిపాయిలు.

ఫోర్డ్ తన తెల్ల సైనికుల్ని నిలిపిన చోట చేను మనిషెత్తు పెరిగి ఉంది. వాళ్లు కనిపించలేదు. పక్కనున్న సిపాయిలు మాత్రం కనిపించారు... ఎర్ర కోట్లలో. ఎర్ర కోటంటే ఇంగ్లీషువాళ్లేనని ఫ్రెంచి దళం వాళ్ల మీద పడింది. సిపాయిలు వెనక్కి తగ్గారు. గెలిచేశామనుకుని వరస తప్పి తరిమిన ఫ్రెంచివాళ్లకు అసలు ఇంగ్లీషు దళం ఎదురైంది. దగ్గర నుంచి తుపాకులు పేలాయి. ఫ్రెంచి ఫిరంగులు, విడిది అన్నీ పోయాయి. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం వైపు పారిపోయాడు.

1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ వశమైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఉత్తర సర్కారుల్లో చాలావరకు కంపెనీవయ్యాయి. గోదావరి పాయ పక్కన యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతుల్లో ఉండిపోయింది. ఫ్రెంచివాళ్లను వదిలించుకోవాలని ఆనందరాజు పిలిచిన చుట్టం, దాదాపు రెండువందల ఏళ్లు ఇల్లు కదల్లేదు!

ఆట అయ్యాక బొమ్మలన్నీ పెట్టెలోకి వెళ్తాయి. పడిపోయినవీ మర్నాటికి మళ్లీ లేచి నిలబడతాయి. చందుర్తిలో పడిన సిపాయిలకు ఆ అవకాశం లేదు. రెండు పక్షాల సేనాపతుల పేర్లూ చరిత్రలో ఉన్నాయి. ఎవరి కోటో తొడుక్కుని ఎవరి కోసమో నిలబడ్డ ఆ వేలమందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

వెళ్లిరావాలంటే...

విజయవాడ - విశాఖ మార్గంలో పిఠాపురం పెద్ద స్టేషను. పాసింజర్లు ఆగే గొల్లప్రోలు ఊరికి ఇంకా దగ్గర. పిఠాపురంలో కుక్కుటేశ్వరస్వామి, పురుహూతికా అమ్మవార్లను చూసుకుని ఇటు రావచ్చు. పిల్లలుంటే ఓ పని చేయండి. పైరు ఏపుగా ఉన్న చోట గట్టు మీద వాళ్లను నిలబెట్టి, అవతల ఏముందో చెప్పమనండి. చందుర్తి యుద్ధం వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.