ఎర్రబస్సులో ఏడుపు, విమానంలో ఏడుపు

కర్నూలులో ఎర్రబస్సెక్కి ఓర్వకల్లు రాతికొండలు, నంద్యాల, ఆళ్లగడ్డ దాటి కడప చేరేలోగా ఎందరో చంటిబిడ్డల ఏడుపులు విన్నాము. బిడ్డ ఏడిస్తే వెనుక సీటులోని అవ్వ చేతులు చాచేది.

2015లో కడప విమానాశ్రయం తిరిగి తెరుచుకుంది. 2021లో ఓర్వకల్లులో కొత్తది వచ్చింది. అక్కడ దిగిన ఏటీఆర్ విమానాల్లో అందరికీ ఒకే తరగతి. రాయచోటి నుండి కువైట్ వెళ్ళే మన కుటుంబాలు చెన్నైలో ఎక్కే పెద్ద విమానాల్లో మాత్రం ముందుభాగం వేరు, టిక్కెట్టు ఎన్నో రెట్లు. అంత చెల్లించినవారు నిశ్శబ్దం కోరడం సహజమే. మలేషియా ఎయిర్‌లైన్స్ జంబోజెట్ల మొదటి తరగతిలోకి చంటిబిడ్డలను రానివ్వడం లేదని 2011లో లోకానికి తెలిసింది. 2016లో ఇండిగో కొన్ని వరుసలను 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని నిర్ణయించింది. ఇది మాకు రుచించలేదు. వరుస మారిస్తే ఏడుపు ఆగుతుందా?

విమానం దిగేటప్పుడు లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవినీ గొంతునూ కలిపే సన్నని గొట్టం పసివారిలో తేలికగా తెరుచుకోదు, చెవి నొప్పిపుడుతుంది. మ్రింగినప్పుడు ఆ గొట్టం తెరుచుకుంటుంది. కాబట్టి తల్లులారా, నేల తాకడానికి సుమారు అరగంట ముందే బిడ్డను లేపి పాలివ్వండి. సీసాపాలైనా సరే.