ఇంజిన్ మారింది... లెక్క ఎవరిది?

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ మీదుగా జగిత్యాల వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి అది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ దారిన వెళ్తే ముందుగా పసుపు వాసన పలకరిస్తుంది. ఉడకబెట్టి కళ్లాల్లో ఆరబోసిన కొమ్ములు, బస్తాలు నింపుకుని మార్కెట్టుకి బయల్దేరిన ట్రాక్టర్లు... మెట్‌పల్లి దగ్గరపడేసరికి ఆ వాసనకి మరొకటి తోడవుతుంది. గ్రీజు, డీజిల్, వెల్డింగ్ పొగ! రోడ్డు పక్క రేకుల షెడ్లలో బానెట్లు ఎత్తిన జీపులు, విప్పేసిన ట్రాక్టర్ ఇంజిన్లు దర్శనమిస్తాయి.

మెట్‌పల్లి అంటే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది ఖాదీ. నూలు వడికి, నేసి, అమ్మిన ఊరు. దక్షిణాన సిరిసిల్లకి వెళ్తే మరమగ్గాల చప్పుడు. ఇక ఊరి పక్కనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పని వెతుక్కుంటూ గల్ఫ్ విమానం ఎక్కడం మాత్రం ఈ ప్రాంతానికి అంతకు చాలా ముందునుంచే అలవాటు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో దుబాయ్, మస్కట్, సౌదీ పేర్లు చుట్టాల ఊళ్ల పేర్లలా వినిపిస్తాయి. వెళ్లినవాళ్లు డబ్బే కాదు, పనితనమూ పట్టుకొస్తారు. అలా వచ్చిన పనుల్లో ఒకటి... కారుకి ఇంజిన్ మార్చి, లాప్‌టాప్‌తో దాన్ని దారిలో పెట్టడం!

ఇసుక దిబ్బ నేర్పిన పాఠం

షార్జా పారిశ్రామికవాడలోని పాత విడిభాగాల బజారు చాలా పెద్దది. ఇంజిన్లు, గేర్‌బాక్సులు వరసగా పేర్చి కనిపిస్తాయి. అబుదాబి ఎమిరేట్‌లోని లివా దగ్గరున్న మొరీబ్ ఇసుక దిబ్బ ఎత్తు సుమారు 300 మీటర్లు. వాలు 50 డిగ్రీల దాకా ఉంటుంది. ఏటా జరిగే ఉత్సవంలో దాని మీదకి కార్లు పోటీపడి ఎక్కుతాయి. అలాంటి బళ్ల కంపెనీ ఇంజిన్లకి మార్పులు చేస్తారు, లేదా వాటిని దించేసి వేరేవి ఎక్కిస్తారు. ఎక్కించాక వాటికి లెక్క కుదర్చడం అక్కడి గ్యారేజీల్లో నిత్యం జరిగే పని.

మన దగ్గరా ఇంజిన్ మార్పిడి కొత్తేం కాదు. ఒకప్పుడు పెట్రోలు అంబాసిడర్లకీ, జీపులకీ డీజిల్ ఇంజిన్లు ఎక్కించేవారు. అప్పుడు స్పానరు, స్క్రూడ్రైవరు ఉంటే పని జరిగిపోయేది. ఇప్పటి ఇంజిన్‌కి కంప్యూటర్ మెదడు ఉంది. దాన్ని ఈసీయూ అంటారు. ఇంజిన్ మారిస్తే ఆ మెదడుకీ కొత్త పాఠం చెప్పాలి. ఆ పాఠం పేరే ట్యూన్. పాట ట్యూన్ కాదు సుమా!

256 గళ్ల కాగితం

ఎక్కాల పుస్తకంలో గళ్లుంటాయి కదా, ట్యూన్ కూడా అలాంటిదే. ఒకవైపు ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, మరోవైపు లోపలికి ఎంత గాలి ఒత్తిడితో వస్తోంది. సాధారణంగా 16 అడ్డు వరసలు, 16 నిలువు వరసలు. మొత్తం 256 గళ్లు. పెట్రోలు పట్టిక గళ్లలోని అంకెల్ని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో ఈసీయూ లెక్కగడుతుంది. పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్ మెరవాలో చెప్పే పట్టిక వేరే ఉంటుంది.

ఈ అంకెల్లో తేడా వస్తే ఏమవుతుంది? పెట్రోలు ఎక్కువైతే నల్ల పొగ, తక్కువ మైలేజీ. బరువు లాగేటప్పుడు పెట్రోలు తక్కువైనా, ప్లగ్ మరీ ముందుగా మెరిసినా లోపల నాకింగ్ మొదలవుతుంది. పట్టించుకోకపోతే పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. లక్షలు పోసి తెచ్చిన ఇంజిన్ నిమిషాల్లో ఇనప ముద్ద!

కొనుక్కుంటే పోలా?

పోతుంది... ఒక్కోసారి! కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న కారుకి కొన్న ట్యూన్ చక్కగా సరిపోతుంది. అలాంటి వందల కార్లమీద పరీక్షించినవాళ్లు ఫైలు ఇస్తారు. లేదా కారు నడిపినప్పుడు నమోదైన లెక్కల్ని మెయిల్లో పంపితే, వాటిని చూసి దిద్ది తిరిగి పంపుతారు. తెలిసినవాడి అనుభవాన్ని డబ్బిచ్చి తెచ్చుకోవడంలో తప్పేం లేదు. తీరిక లేనివాళ్లకి అదే మంచిది కూడా.

చిక్కంతా మార్పిడి ఇంజిన్‌తోనే. కంపెనీ కారులో ఇంజిన్ ఒంటరిగా ఉండదు. తాళంచెవి నిజమైనదా కాదా, గేరు ఏది, చక్రం వేగం ఎంత... ఇలా చుట్టూ ఉన్న భాగాలతో మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని తీసి ఇంకో బండిలో పెడితే ఆ మాటలన్నీ ఆగిపోతాయి. పొగ గొట్టం వేరు, గాలి వచ్చే దారి వేరు, ఒక్కోసారి ఇంజెక్టర్లూ వేరు. ఎక్కడో కూర్చుని రాసిన ఫైలుకి ఇవేవీ తెలియవు.

దానికి మన వాతావరణమూ తెలియదు. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. వేడెక్కిన గాలి పలచబడుతుంది, నాకింగ్ భయం పెరుగుతుంది. పెట్రోలు సంగతీ అంతే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి దాదాపు 13.5 పాళ్లు చాలు. అంటే అంతే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోయాలి. మన దేశంలో 2025 నాటికి బంకుల్లో ఈ ఇథనాల్ పెట్రోలే ఎక్కువగా దొరుకుతోంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాని సర్దుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం చాలా ఇంజిన్లు పట్టికనే నమ్ముకుంటాయి.

ఇంకో మెలిక ఉంది. కొందరు ట్యూనర్లు తాము రాసిన ఫైలుకి తాళం వేసి ఇస్తారు. వాళ్ల కష్టం వాళ్లది, తప్పుపట్టలేం. కానీ రేపు ఇంజెక్టర్లు మారిస్తే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి, మళ్లీ డబ్బు కట్టాలి.

సొంతంగా... కానీ తొందరొద్దు

మరి సొంతంగా నేర్చుకోవచ్చా? నిక్షేపంగా! బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు 2001లో మెగాస్క్విర్ట్ తెచ్చారు. విడిభాగాలు తెచ్చుకుని, ఇంట్లోనే టంకం పెట్టి తయారుచేసుకునే ఈసీయూ అది. తర్వాత చవకైన ఆర్డుయినో బోర్డు ఆధారంగా స్పీడుయినో వచ్చింది. రెంటికీ ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. కంపెనీ ఈసీయూనే ఉంచాలంటే హెచ్‌పీ ట్యూనర్స్ లాంటివి ఉన్నాయి. పరికరం ఒకసారి కొన్నా, ఒక్కో బండికీ విడిగా క్రెడిట్లు కొనాలి.

వీటన్నిటికంటే ముందు కొనాల్సింది వైడ్‌బ్యాండ్ సెన్సర్. పొగ గొట్టంలో కూర్చుని గాలి, పెట్రోలు ఏ పాళ్లలో కాలాయో చెబుతుంది. అది లేకుండా అంకెలు మార్చడం కళ్లకి గంతలు కట్టుకుని బండి నడపడమే.

మెట్‌పల్లి షెడ్డులో ఓ ఇంజినీరింగ్ కుర్రాడు, ఓ పాత మెకానిక్ ఉన్నారనుకోండి. మాటలు ఇలా సాగుతాయి.

''కాకా, సాఫ్ట్‌వేర్ ఎక్కించిన. ఇగ రోడ్డు మీదికి తీద్దాం.''

''ఆగు బిడ్డా, ముందుగాల ప్లగ్గు ఇప్పి సూడు. అది ఏం రంగుందో చెప్పు.''

ప్లగ్ నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ. తెల్లబోతే తక్కువ. లేత గోధుమ రంగుంటే సరే. తెర మీద అంకె చెప్పేదీ, కాక ప్లగ్ చూసి చెప్పేదీ ఒకటే విషయం. స్క్రూడ్రైవర్ కొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు పసిగట్టే అనుభవం ఏ ఫైలుతోనూ రాదు. కుర్రాడికి అంకెలొచ్చు, కాకకి ఇంజిన్ వచ్చు. ఇద్దరూ కలిస్తేనే పని.

వరస కూడా ముఖ్యం. మొదట ఇంజిన్ స్టార్టయి నిలకడగా తిరగాలి. తర్వాత నెమ్మదిగా నడుపుతూ లెక్కలు నమోదు చేసుకోవాలి. ఒకరు నడిపితే ఇంకొకరు లాప్‌టాప్ చూడాలి. ఒక్కరే రెండూ చేయబోతే ప్రాణాల మీదకి వస్తుంది. పూర్తి వేగం పరీక్షలు రోడ్డు మీద అసలే వద్దు. బండిని రోలర్ల మీద నిలబెట్టి పరీక్షించే డైనో ఉన్నచోటే చేయాలి.

మధ్యేమార్గమూ ఉంది. ఇంజిన్ స్టార్టయ్యేంత వరకూ పనికొచ్చే ఫైలుని తెలిసినవాళ్ల దగ్గర కొనడం, తాళం వేయకుండా ఇమ్మని ముందే మాట్లాడుకోవడం. అక్కడినుంచి ఒక్కో గడీ సొంతంగా దిద్దుకోవడం. పూర్తి బరువు లెక్కల్ని మాత్రం అనుభవం ఉన్నవాడి ఎదుటే చూసుకోవడం. డబ్బూ మిగులుతుంది, విద్యా మిగులుతుంది.

చట్టం ఏమంటోంది?

సరదా సరే, చట్టం మాటేమిటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయాలన్నా రవాణా అధికారుల అనుమతి కావాలి. కాదని మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా డబ్బుకీ చిక్కే. వేరే రకం ఇంజిన్ ఎక్కించిన బండి పోటీ ట్రాక్‌కో, సొంత స్థలానికో పరిమితం కావాలి. ఎడారి దిబ్బ మీద చెల్లింది మెట్‌పల్లి బస్టాండు ముందు చెల్లదు!

ఆసు యంత్రం గుర్తుందా?

పెద్ద చదువులు లేకపోతే ఇలాంటివి రావనుకునేవాళ్లకి మన తెలంగాణలోనే జవాబుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి రోజంతా ఆసు పోసి భుజాల నొప్పితో బాధపడేవారు. చిన్నప్పుడే బడి మానేసిన మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. తర్వాత దానికి ఎలక్ట్రానిక్స్ కూడా జోడించారు. 2017లో పద్మశ్రీ వరించింది. ఆయన చేసింది కారు కాదు, మగ్గం పని. కానీ తన ఇంటి అవసరానికి సరిపోయే యంత్రం బజారులో దొరకనప్పుడు, దాని లెక్కని తానే కట్టుకున్నారు.

మెట్‌పల్లి ఖాదీ చెప్పేదీ అదే. రాట్నం తిప్పడం వచ్చినంత మాత్రాన ఇంట్లో బట్టలన్నీ ఎవరూ సొంతంగా నేసుకోరు. కొనుక్కునేవి కొనుక్కుంటారు. కాకపోతే కొనేటప్పుడు చెయ్యి పెట్టి చూసి ఏది గట్టి నూలో, ఏది కాదో చెప్పగలరు. ఇంజిన్‌కైనా అంతే. ట్యూన్ కొన్నా ఫర్వాలేదు... ఆ 256 గళ్లలో ఏముందో చదవడం వస్తే చాలు!