మంచి దొర

“ఏమన్నా అను గని, మా ఊరి దొర మంచోడుండె.” జగిత్యాల నుంచి కోరుట్ల దాకా ఏ బస్సెక్కినా, ఏ పెండ్లిపందిట్లో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది. బిడ్డ పెండ్లికి పుస్తెలిచ్చిండట, కరువుల జొన్నలిచ్చిండట. వింటే ఒళ్లు మండుతుంది నాకు. గడీలు కూలిపోయి, గోడల్లో రావిచెట్లు మొలిచినా ఈ మంచోడు మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడల్లా నాకు డాక్టర్ వాలర్ గుర్తొస్తాడు. అలెక్స్ హేలీ రాయగా 1976లో అచ్చయిన ‘రూట్స్’ మనకు సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’గానే పరిచయం. గాంబియాలోని జుఫూరే నుంచి 1767లో ఎత్తుకుపోయిన కుంటా కింటే కథ అది. పారిపోబోతే పట్టుకున్నవాళ్లు అతని పాదం సగం నరికేస్తారు. తన తోడబుట్టినవాడి బానిసకు జరిగిన ఆ పనికి మండిపడి, కుంటాను తన పేర రాయించుకుని వైద్యం చేస్తాడు వాలర్. తర్వాత తన బగ్గీ అతనికే అప్పజెప్తాడు. మన లెక్కన మంచి దొరే.

అక్కడే ఫిడేలు వాయించే ముసలి బానిస ఒకడుంటాడు. 700 డాలర్లు తెస్తే విడిపిస్తానన్న మాట నమ్మి, 30 ఏళ్లకు పైగా విందుల్లో వాయించి పైసా పైసా కూడబెడతాడు. తీరా డబ్బుతో వెళితే బానిసల ధర పెరిగింది, ఇప్పుడు కనీసం 1500 అంటాడు యజమాని. కొట్టలేదు, తిట్టలేదు. మార్కెట్ ధర చెప్పాడంతే.

ఇక కిజ్జీ. కుంటా, బెల్‌ల ఒక్కగానొక్క బిడ్డ. వాలర్ సోదరుని కూతురే ఆటల్లో దానికి అక్షరాలు నేర్పింది. ఆ అక్షరాలతోనే, పారిపోయే ప్రియుడికి దొంగ చీటీ రాసిచ్చింది. ఏళ్ల తరబడి తనకు వండిపెట్టిన ఆ తల్లి బెల్ కాళ్లావేళ్లా పడ్డా వాలర్ ఆ పదహారేళ్ల పిల్లను అమ్మేస్తాడు. బండి కదిలిపోయాక కుంటా బిడ్డ పాదముద్ర ఉన్న మట్టిని దోసిట్లోకి ఎత్తుకుంటాడు. ఆ మట్టి దాచుకుంటే ఆ కాళ్లు మళ్లీ ఆ దారినే వస్తాయని అతని పూర్వీకుల నమ్మకం. నెలకొక గులకరాయి వేస్తూ తన వయసు లెక్కపెట్టుకున్న సొరకాయ బుర్ర గుడిసెలో ఉంది. మట్టి అందులో వేయబోతూ, బిడ్డ ఇక రాదని తెలిసి బుర్రను నేలకేసి కొడతాడు. అతని బతుకంతా గులకరాళ్లై గుడిసె నిండా చెల్లాచెదురవుతుంది. కొరడా దెబ్బలు ఎన్ని చదివినా ఇంత నొప్పి కలగలేదు నాకు.

మనిషి మీద ఇంకో మనిషికి కాగితం రాసి ఉన్నంతకాలం ఆ కాగితం పట్టుకున్నవాడి మంచితనానికి విలువ లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో కూలీలు వెట్టి బందు కావాలన్నారు, జీతగాళ్ల జీతాలు పెరగాలన్నారు. మంచి దొర కావాలని ఎవరూ అడగలేదు. దొరలకు చాకలి, మంగలి బందు పెట్టారు. ఆ ఏడు సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు కదిలారు. అక్టోబరులో ఆ రెండు తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది.

‘ఏడు తరాలు’ నేను మొదట చదవలేదు, విన్నాను. కోరుట్లలో మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద ఆడవాళ్లు బీడీలు చేస్తుంటే అక్క చదివేది. ఒళ్లో చాటలు, చాటల్లో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. కిజ్జీని అమ్మిన చోట కత్తెరలన్నీ ఆగిపోయాయి. “కాలు బాగ చేసినోడే బిడ్డనమ్మిండా!” అంది ఒకామె. “అమ్మెటందుకే బాగ చేసిండు వదినా, కుంటి ఎద్దు ఎవనికి కావాలె?” అంది పక్కామె. వాలర్ మీద అంతకన్న సూటి తీర్పు నేనింతవరకూ ఏ విమర్శకుడి దగ్గరా చూడలేదు.

ఆ తీర్పు చెప్పిన చేతులే మర్నాడు కట్టలు తీసుకుని కార్ఖానాకు పోయేవి. అక్కడ బాగలేవని తీసి పారేసే బీడీలకు కూలి లేదు. ఆకు తక్కువిచ్చి బీడీలు మాత్రం లెక్కకు సరిగ్గా తెమ్మనేవాళ్లు, తక్కువైన ఆకు సొంత పైసలతో కొనుక్కోవాలి. కోరుట్ల బీడీల మీద ‘ఏడు తరాలు’ అంత నవల రావాలె. సిరిసిల్ల సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, ఇంకోటి రావాలె. సేటు నూలిస్తాడు, ఆసామి నేయిస్తాడు, కార్మికుడు రాత్రంతా సాంచల సప్పుడులో నిలబడతాడు. అప్పు చేసి నాలుగు సాంచలు పెట్టుకున్న ఆసామి కూడా ఒకప్పుడు ఇంకొకరి సాంచ మీద నిలబడ్డవాడే. గిరాకీ పడిపోతే మళ్లీ అక్కడికే చేరతాడు. అతన్ని ఏ పక్కన నిలబెట్టాలో తేల్చుకోవడమే ఆ నవల రాసేవాళ్లకు అసలు పరీక్ష.